జీపు ఎడమకే ఎందుకు గుంజుతుంది?



హాస్టల్ సంచిక అనగానే కవితలు, కథలు, సూక్తులు, పాత జ్ఞాపకాలు గుర్తుకొస్తాయి. వాటి మధ్య జీపు గురించి వ్యాసం ఏమిటని కొందరు అనుకోవచ్చు. కానీ ఈ హాస్టల్ అన్నం తిని బయటికి వెళ్లినవాళ్లలో టీచర్లు, క్లర్కులు ఉన్నట్టే డ్రైవర్లు, మెకానిక్కులు, రోడ్డు పనుల మేస్త్రీలు కూడా ఉన్నారు. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లలో పండుగ సెలవులకు ఏదో ఒక బండి ఎక్కి ఊరికి పోనివాళ్లు ఉండరు. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే విషయమే.

ఒకప్పుడు ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెలకు బస్సు దొరకకపోతే కమాండర్ జీపే దిక్కు. ఇప్పుడు ఆ జీపులు తగ్గిపోయి ఆటోలు, చిన్న ట్రాలీలు వచ్చాయి. అయినా అడవి దారుల్లో, కాలువ గట్ల మీద, పొలం బాటల్లో జీపు జాతి బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ స్టీరింగ్ పట్టినవాళ్లందరి నోటా ఒక మాట వినిపిస్తుంది: "బండి ఎడమకు గుంజుతోంది" అని. కొందరు మెకానిక్ దగ్గరికి పోయి డబ్బు ఖర్చు పెడతారు, గుంజుడు మాత్రం పోదు. ఇంకొందరు "జీపంటే అంతేలే" అని వదిలేస్తారు, అది ఒకరోజు రోడ్డు దిగి బోల్తా పడుతుంది. ఈ రెండు నష్టాలకూ కారణం ఒక్కటే. గుంజుడు రెండు రకాలు. ఒకటి రోడ్డు వాలు వల్ల వచ్చేది, రెండోది బండిలోని జబ్బు వల్ల వచ్చేది. ఏది ఏదో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోడ్డు చదునుగా ఉండదు

మనం రోడ్డును చదునైన పలకలాగా ఊహించుకుంటాం. నిజానికి తారురోడ్డు మధ్యలో ఎత్తుగా, రెండు అంచుల వైపు పల్లంగా ఉంటుంది. ఆవు వీపులాగా అన్నమాట. దీనిని ఇంజనీర్లు క్యాంబర్ అంటారు. వానపడితే నీళ్లు మధ్యలో నిలవకుండా పక్కకు జారిపోవాలని అలా వేస్తారు. నీళ్లు నిలిస్తే అవి తారు పొరలోకి దిగి, కింది మట్టిని మెత్తబరిచి, గుంతలు చేస్తాయి. స్కాట్లండుకు చెందిన జాన్ లౌడన్ మెకాడమ్ (1756-1836) కంకర రోడ్లు వేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినప్పుడు కూడా ముఖ్యంగా చెప్పింది ఇదే: రోడ్డు కింద నేల పొడిగా ఉండాలి, నీరు పక్కకు పోవాలి.

మన దేశంలో ఈ వాలు ఎంత ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలు ఇచ్చింది. మంచి తారురోడ్డుకు, సిమెంటు రోడ్డుకు 1.7 నుంచి 2 శాతం. పలుచని తారు పొర రోడ్డుకు 2 నుంచి 2.5 శాతం. కంకర రోడ్డుకు 2.5 నుంచి 3 శాతం. మట్టిరోడ్డుకు 3 నుంచి 4 శాతం. రోడ్డు ఎంత నాసిరకమైతే నీటిని అంత తొందరగా పంపించాలి కాబట్టి వాలు అంత ఎక్కువ.

2.5 శాతం వాలు అంటే మీటరు వెడల్పుకు రెండున్నర సెంటీమీటర్ల దిగుడు. ఏడు మీటర్ల రెండు వరుసల రోడ్డులో మధ్య నుంచి అంచుకు మూడున్నర మీటర్లు. అంటే అంచు మధ్యకన్నా దాదాపు 9 సెంటీమీటర్లు పల్లంలో ఉంటుంది. కంటికి కనపడదు గానీ చక్రానికి తెలుస్తుంది. మన పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి కాలువలు తవ్వారు, రోడ్లు పోశారు. క్యాంబర్ బోర్డు అనే చెక్కను అడ్డంగా పెట్టి ఈ వాలును సరిచూడటం రోడ్డు పనిచేసిన పెద్దవాళ్లు ఎరిగిన పనే.

మన దేశంలో బండి ఎడమ పక్కన నడపాలి. రోడ్డు ఎడమ సగం ఎడమకు వాలి ఉంటుంది. అందుకే మన దగ్గర గుంజుడు ఎడమకు. కుడి పక్కన నడిపే అమెరికాలో ఇదే జీపు కుడికి గుంజుతుంది. గుంజుడు రోడ్డుదని చెప్పడానికి మొదటి సాక్ష్యం ఇదే.

వాలుతలం పాఠం

హైస్కూల్లో వాలుతలం పాఠం చదువుకున్నాం కదా! వాలు మీద పెట్టిన వస్తువు బరువులో ఒక భాగం వాలు వెంబడి కిందికి లాగుతుంది. జీపు, అందులోని మనుషులు కలిపి 1800 కిలోలు అనుకుందాం. 2.5 శాతం వాలు మీద పక్కకు లాగే బలం 1800 × 0.025 = 45 కిలోల బరువుతో సమానం. సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే జీపు పోతున్నంతసేపూ ఎవరో దాదాపు ఒక సిమెంటు బస్తా బరువంత బలంతో దాన్ని ఎడమకు నెడుతున్నట్టే.

మీరే చేసి చూడవచ్చు. పరీక్ష అట్టను బల్ల మీద పెట్టి, ఒక నిలువు అంచు కింద సన్నటి నోటుపుస్తకం పెట్టండి. అట్ట వెడల్పు 25 సెంటీమీటర్లయితే అంచును ఆరు మిల్లీమీటర్లు లేపితే చాలు, రోడ్డు వాలు వచ్చేస్తుంది. ఇప్పుడు గోళీని అట్ట పొడవునా నేరుగా దొర్లించండి. నేరుగా వదిలినా అది వంకర తిరిగి పల్లం వైపుకే పోతుంది.

జీపు గోళీలాగా జారిపోదు, ఎందుకంటే టైరుకు, రోడ్డుకు మధ్య ఘర్షణ ఉంది. వాలు కిందికి లాగుతుంటే నేల టైర్లను పైకి, అంటే కుడివైపుకు నెట్టి నిలబెడుతుంది. అలా నిలబెట్టేటప్పుడు రబ్బరు టైరు కొద్దిగా మెలిపడుతుంది. టైరు చూసే దిక్కు ఒకటి, బండి పోయే దిక్కు మరొకటి అవుతుంది. ఆ తేడా డిగ్రీలో కొద్ది భాగమే. కానీ పావు డిగ్రీ తేడా ఉన్నా వంద మీటర్లు పోయేసరికి బండి 44 సెంటీమీటర్లు పక్కకు వస్తుంది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. దీనితో తరువాత పని ఉంది.

స్టీరింగ్ పల్లానికే ఎందుకు తిరుగుతుంది?

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. వాలు బండిని నెట్టడమే కాదు, ముందు చక్రాలను కూడా పల్లం వైపు తిప్పుతుంది.

సైకిల్‌ను చూడండి. హ్యాండిల్ నుంచి చక్రానికి దిగే ఫోర్కు నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ ఫోర్కు ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకన్నా అది కొంచెం ముందు తగులుతుంది. అంటే టైరు ఆ గీత వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఇది సాయం చేస్తుంది. జీపు ముందు చక్రాల కింగ్ పిన్నులను కూడా ఇలాగే కొద్ది డిగ్రీలు వెనక్కి వాల్చి పెడతారు. దీనిని క్యాస్టర్ అంటారు. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది తిన్నగా రావడానికి ఇది సాయం చేస్తుంది.

చదునులో ఇది మేలు. వాలు మీదికి రాగానే ఇదే గుణం ఎదురు తిరుగుతుంది. నేల టైరును కుడికి నెడుతోంది అన్నాం కదా! ఆ నెట్టుడు కింగ్ పిన్ను గీతకు వెనకాల పడుతుంది. చక్రం వెనక భాగం కుడికి పోతే ముందు భాగం ఎడమకు తిరుగుతుంది. అంటే స్టీరింగ్ పల్లానికి తిరుగుతుంది. సైకిల్ సీటు పట్టుకొని ఎడమకు వంచితే హ్యాండిల్ ఎడమకే పడిపోవడం మీరు రోజూ చూసేదే.

డ్రైవర్ అరచేతికి తెలిసే గుంజుడు ఇదే. వాలు మీద స్టీరింగ్‌ను కొంచెం కుడికి ఆపిపట్టి నడపడం మామూలు విషయం, అది జబ్బు కాదు.

ఒకే ఇరుసు బండి తీరు వేరు

ఇంతవరకు చెప్పింది కారుకూ వర్తిస్తుంది, జీపుకూ వర్తిస్తుంది. మరి జీపులోనే ఎందుకు ఎక్కువ? ఇరుసు వల్ల.

ఎడ్లబండికి రెండు చక్రాలను కలుపుతూ ఒకే ఇరుసు ఉంటుంది. పాతకాలం జీపుకు కూడా ముందొకటి, వెనకొకటి ఇలాంటి గట్టి ఇరుసులే. వాటి మీద కమాన్ కట్టలు, కమాన్ల మీద చాసిస్, చాసిస్ మీద బాడీ. ఈ కాలపు కార్లలో ముందు చక్రాలు దేనికది విడిగా పైకి కిందికి కదులుతాయి. ఈ తేడా వల్ల జీపులో మూడు సంగతులు జరుగుతాయి.

మొదటిది: ఒక చక్రం పల్లంలో పడితే రెండోది కూడా వంగుతుంది. జీపు రెండు చక్రాల మధ్య దూరం సుమారు 125 సెంటీమీటర్లు. ఎడమ చక్రం ఐదు సెంటీమీటర్ల గాడిలో దిగితే ఇరుసు మొత్తం 4 శాతం, అంటే రెండు డిగ్రీలకు పైగా ఎడమకు ఒరుగుతుంది. దానితో రెండు చక్రాలూ ఎడమకు ఒరుగుతాయి. ఒరిగిన చక్రం ఒరిగిన వైపుకే పోజూస్తుంది. రూపాయి బిళ్లను దొర్లించి చూడండి, అది ఎటు ఒరిగితే అటే వంపు తిరుగుతుంది. కారులో ఒక చక్రం మాత్రమే చేసే పనిని జీపులో రెండూ కలిసి చేస్తాయి.

రెండవది: డ్రాగ్ లింకు. స్టీరింగ్ బాక్సు చాసిస్‌కు బిగించి ఉంటుంది. చక్రాలు ఇరుసుకు ఉంటాయి. ఈ రెంటినీ కలిపే కడ్డీయే డ్రాగ్ లింకు. వాలు మీద బాడీ కమాన్ల పైన ఒక పక్కకు ఒరుగుతుంది, కాస్త జరుగుతుంది కూడా. కడ్డీ పొడవు మాత్రం మారదు. కాబట్టి బాడీ జరిగినంత మేర కడ్డీ చక్రాలను తిప్పేస్తుంది. డ్రైవర్ చెయ్యి కదపలేదు, కానీ చక్రం తిరిగింది! కమాన్ బుష్‌లు, షాకిళ్లు అరిగిపోతే ఈ జరుగుడు ఇంకా ఎక్కువ అవుతుంది.

మూడవది: సరిదిద్దే వీలు తక్కువ. విడి చక్రాల బండ్లలో చాలావాటికి ఎడమ, కుడి చక్రాల కోణాలను వేర్వేరుగా పెట్టవచ్చు. ఎడమ పక్క క్యాస్టర్‌ను కుడి పక్కకన్నా కొద్దిగా ఎక్కువ పెడితే బండి కుడికి మొగ్గుతుంది, రోడ్డు వాలుకు అది సరిపోతుంది. గట్టి ఇరుసులో రెండు కొసలూ ఒకే ముక్క. కమాన్‌కూ ఇరుసుకూ మధ్య చీలికలాంటి ప్లేటు పెట్టి క్యాస్టర్ మార్చవచ్చు గానీ రెండు పక్కలా కలిసే మారుతుంది. మామూలుగా సరిచేయగలిగింది టై రాడ్ తిప్పి పెట్టే టో మాత్రమే. అందుకే ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా వాలు గుంజుడు పూర్తిగా పోదు. మెకానిక్‌ను తిట్టి లాభం లేదు.

గట్టి ఇరుసును చిన్నచూపు చూడొద్దు

"అయితే ఈ ఇరుసు పనికిరానిదా?" అని అడగవచ్చు. కాదు. రాళ్లబాటలో ఒక చక్రం బండరాయి ఎక్కితే రెండోదాన్ని ఆ ఇరుసే కిందికి నొక్కి నేలకు ఆనిస్తుంది. బరువు మోస్తుంది. ఊళ్లోని మెకానిక్ సుత్తి, పానాలతో విప్పి బిగించగలడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941 నుంచి, అమెరికాలో విల్లీస్ జీపు పెద్ద ఎత్తున తయారైంది. దానికి ముందూ వెనకా గట్టి ఇరుసులే. 1945లో మొదలైన మన మహీంద్రా కంపెనీ ఆ విల్లీస్ జీపులనే ఇక్కడ కూర్చి అమ్మడంతో బండ్ల వ్యాపారంలోకి దిగింది. మన పల్లెల్లో తిరిగిన జీపులు ఆ వంశంవే. మారుతి జిప్సీ 1985లో వచ్చింది, దానికీ రెండు గట్టి ఇరుసులు, నాలుగు కమాన్ కట్టలు. 2023లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతి జిమ్నీలో కమాన్ల బదులు చుట్ట స్ప్రింగులు ఉన్నాయి గానీ ఇరుసులు మాత్రం ముందూ వెనకా గట్టివే. 2020లో వచ్చిన థార్‌లో ముందు చక్రాలు విడివి, వెనక గట్టి ఇరుసు.

కార్లలో గట్టి ఇరుసును వదిలేసింది ఎందుకంటే, వేగం పెరిగిన కొద్దీ స్టీరింగ్ వణుకు పెరిగింది. తిరుగుతున్న సైకిల్ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని పక్కకు వంచండి, అది మీ చేతిలో ఇంకో దిక్కుకు తిరగజూస్తుంది. ఇరుసు ఒరిగినప్పుడల్లా ముందు చక్రాలకూ ఇదే జరుగుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1934లో తన కార్లకు విడి ముందు చక్రాలు పెట్టడానికి ఈ వణుకు కూడా ఒక కారణం. అంటే గట్టి ఇరుసు నెమ్మదిగా, బరువుతో, గతుకుల్లో పోవడానికి పుట్టింది. దాన్ని తారురోడ్డు మీద కారులాగా ఉరికిస్తేనే చిక్కు.

వాలు నేలది, జబ్బు బండిది

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ బండి గుంజుడు వాలుదా, జబ్బుదా? తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. వాలు నేలను అంటుకొని ఉంటుంది, జబ్బు బండిని అంటుకొని ఉంటుంది. బండిని వెనక్కి తిప్పితే రెండూ విడిపోతాయి.

జనం, బండ్లు లేని వెడల్పాటి ఖాళీ స్థలం చూసుకోండి. నేల ఒక పక్కకు కాస్త వాలి ఉండాలి. వాలుకు అడ్డంగా ఒక గీత వెంబడి నెమ్మదిగా పోండి. చేతులు స్టీరింగ్ మీదనే ఉంచి పట్టు మాత్రం వదులు చేయండి. పూర్తిగా వదలొద్దు. బండి ఎడమకు గుంజింది అనుకోండి. చివరిదాకా పోయి మళ్లించి, అదే గీత మీద తిరిగి రండి. ఇప్పుడు పల్లం మీ కుడి పక్కన ఉంది. గుంజుడు కుడికి మారితే అది వాలుది, బండికి ఏమీ కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎడమకే గుంజితే జబ్బు బండిలో ఉంది. ఈ పరీక్ష కోసం నడిచే రోడ్డు మీద కుడి పక్కకు మాత్రం పోవద్దు.

జబ్బు అని తేలితే ఖర్చు లేని వాటి నుంచి మొదలుపెట్టి వరుసగా చూడాలి.

1. గాలి. రెండు ముందు టైర్లలో సమానంగా ఉందా? బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. గాలి తగ్గిన వైపుకు బండి గుంజుతుంది.

2. టైర్లు. ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడపండి. గుంజుడు కూడా వైపు మారితే తప్పు టైరుది.

3. బ్రేకు. కొన్ని కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడి నడిపి ఆపండి. డ్రమ్ముల మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. ఒక దాని మీద చుయ్యిమని, రెండో దాని మీద ఏమీ లేకపోతే వేడెక్కిన పక్క బ్రేకు పట్టేస్తోందని అర్థం.

4. ఇరుసు స్థానం. ఎడమ పక్క ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు తాడుతో కొలవండి. కుడి పక్క కూడా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగి ఉండవచ్చు, లేదా యూ బోల్టులు వదులై ఉండవచ్చు. ఇది కనపడితే బండిని రోడ్డెక్కించకండి.

5. కమాన్లు. చదును నేల మీద ఖాళీ బండి ఒక పక్కకు ఒరిగి నిలబడితే ఆ పక్క పట్టీ విరిగిందేమో, కమాన్ చచ్చిపోయిందేమో చూడాలి. మార్చేటప్పుడు రెండు పక్కలా కలిపి మార్చడం మంచిది.

6. కింగ్ పిన్నులు, టై రాడ్ కొసలు, డ్రాగ్ లింకు. ఆట ఎక్కువ ఉంటే బండి ఊగిసలాడుతుంది. కింగ్ పిన్ను మరీ బిగిస్తే స్టీరింగ్ తిన్నగా రాకుండా తిప్పిన వైపే ఉండిపోతుంది. అది కూడా గుంజుడులాగే అనిపిస్తుంది.

ఈ ఆరింటి తరువాతే అలైన్‌మెంట్ షెడ్డుకు పోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. అరిగిన బుష్‌ల మీద అలైన్‌మెంట్ చేయించడం పగిలిన కుండకు సున్నం వేయడమే.

వేలాడే మనుషుల లెక్క

ఇంకో జబ్బు ఉంది, దాన్ని ఏ షెడ్డులోనూ బాగుచేయలేరు. అది మనమే.

మన 1800 కిలోల జీపు చదునులో ఉంటే పక్కకు 900 కిలోలు పడుతుంది. గరిమనాభి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, 2.5 శాతం వాలు వల్ల కుడి చక్రాల మీది నుంచి ఎడమ చక్రాల మీదికి మారే బరువు 27 కిలోలే. ఇప్పుడు 60 కిలోల మనుషులు నలుగురు ఎడమ ఫుట్‌బోర్డు మీద వేలాడారు అనుకోండి. వాళ్లు బండి మధ్య గీతకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటారు. బల భ్రామకం లెక్క వేస్తే, వాళ్ల బరువు రెండు పక్కలా సగం సగం పడినప్పటికన్నా మరో 150 కిలోలకు పైగా ఎడమ పక్కకు మొగ్గుతుంది! కుడి పక్క అంత తేలికవుతుంది. రోడ్డు వాలు చేసే దానికి ఇది ఐదింతల కన్నా ఎక్కువ. ఎడమ కమాన్లు కుంగుతాయి, బాడీ ఒరుగుతుంది, డ్రాగ్ లింకు చక్రాలను కదుపుతుంది, బరువు పడిన ఎడమ టైర్లు ఎక్కువ ఈడ్చుకుంటాయి. అన్నీ కలిసి గుంజుడు.

వాహనం ఫుట్‌బోర్డు మీద, టాపు మీద, బానెట్ మీద మనుషులను ఎక్కించుకోవడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ నిషేధించింది. ఆ సెక్షన్ ఎందుకు పెట్టారో పై లెక్క చూస్తే తెలుస్తుంది.

ప్రాణం పోయేది రోడ్డు అంచు దగ్గర

మన మండలాల్లో చాలా ఊళ్ల రోడ్లు ఒకే వరుసవి, 3.75 మీటర్ల వెడల్పువి. ఖాళీ రోడ్డు మీద డ్రైవర్ నడిమధ్యన పోతాడు. ఆవు వీపు మీద నడుమ కూర్చున్నట్టు, అటూ ఇటూ సమానమే కాబట్టి గుంజుడు తెలియదు. ఎదురుగా బండి వచ్చింది. సైడు ఇవ్వడానికి ఎడమకు దిగాడు. ఎడమ చక్రాలు తారు దిగి బెర్ము మీద పడ్డాయి. బెర్ము వాలు తారుకన్నా ఎక్కువ ఉంటుంది. వానలకు మట్టి కొట్టుకుపోయి ఉంటే తారు అంచు జానెడు గట్టులాగా నిలబడి ఉంటుంది. ఇరుసు ఒక్కసారిగా ఒరిగింది, స్టీరింగ్ ఎడమకు లాగింది.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, భయంతో స్టీరింగ్‌ను కుడికి బలంగా తిప్పుతారు. టైరు పక్కభాగం తారు అంచుకు రాసుకుంటుంది గానీ ఎక్కదు. ఇంకా తిప్పుతారు. ఒక్కసారిగా ఎక్కుతుంది. అప్పటికే చక్రాలు కుడికి బాగా తిరిగి ఉన్నాయి కాబట్టి బండి రోడ్డుకు అడ్డంగా దూకుతుంది.

అప్పుడేమవుతుందో లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 30 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరిగితే, పక్కకు తోసే బలం బండి బరువులో 0.66 వంతు. గరిమనాభి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న జీపు లెక్క ప్రకారం 0.83 వంతు దాకా ఓర్చుకుంటుంది. టాపు మీద మూటలు, మనుషులు ఎక్కి గరిమనాభి మీటరు ఎత్తుకు పోతే ఓర్చుకునేది 0.63 వంతే. ఒకే మలుపు, ఒకే వేగం. ఒక జీపు నిలబడింది, రెండోది బోల్తా పడింది. తేడా టాపు మీదిదే.

చేయవలసింది ఇది. అంచు దిగితే స్టీరింగ్ గట్టిగా పట్టుకొని తిన్నగా పోనివ్వాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి. గట్టిగా బ్రేకు కొట్టకూడదు. వేగం బాగా తగ్గాక, వెనక ముందు చూసుకొని, అంచు తక్కువ ఎత్తున్న చోట నెమ్మదిగా ఎక్కించాలి. నాలుగడుగులు బెర్ము మీద పోయినంత మాత్రాన పరువు పోదు.

ఇక కునుకు సంగతి. పావు డిగ్రీకి వంద మీటర్లలో 44 సెంటీమీటర్లు అని చెప్పుకున్నాం కదా! ఒక వరుస రోడ్డు మధ్యన పోయే జీపుకు ఎడమ పక్కన మిగిలేది మీటరు మాత్రమే. ఆ మీటరు దాటడానికి 230 మీటర్లు చాలు. 50 కిలోమీటర్ల వేగంలో అది 17 సెకన్లు. చెయ్యి పట్టు వదిలితే స్టీరింగ్ కూడా పల్లానికి తిరుగుతుంది కాబట్టి అంత సమయం కూడా ఉండదు. రాత్రిపూట కాలువ గట్టు మీద పోయే వాళ్లకు ఆ మీటరు అవతల ఏముందో వేరే చెప్పనక్కరలేదు.

ఘాట్ రోడ్డులో ఇంకో జాగ్రత్త. మన్ననూరు దాటి దోమలపెంట మీదుగా శ్రీశైలం పోయే దారిలాంటి చోట్ల మలుపుల్లో రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండదు, మొత్తం మలుపు లోపలి పక్కకే వాల్చి ఉంటుంది. నెమ్మదిగా పోతుంటే కుడి మలుపులో కుడికి, ఎడమ మలుపులో ఎడమకు గుంజుతుంది. గుంజుడు ఇలా మారుతుంటే కంగారు పడొద్దు, బండి మంచిదని అర్థం. అన్ని మలుపుల్లోనూ ఒకే పక్కకు గుంజితేనే దిగి చూసుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వాలుతలం, ఘర్షణ, గరిమనాభి, బల భ్రామకం అనే నాలుగు పాఠాలను మనం పరీక్షలో ఐదు మార్కుల కోసం చదువుతాం. ఆ నాలుగూ ప్రతి జీపు కింద పనిచేస్తూనే ఉంటాయి. వాటిని అర్థం చేసుకున్నవాడు మంచి మెకానిక్ అవుతాడు, మంచి ఇంజనీరు అవుతాడు. కనీసం, పండుగకు ఇంటికి పోయేటప్పుడు ఫుట్‌బోర్డు మీద వేలాడకుండా "అన్నా, ఇంకో బండికి వస్తా" అని ఆగిపోతాడు. డ్రైవర్ అన్నలు ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: వాలు నేలది, దాన్ని చేత్తో ఆపిపట్టి నడపాలి. జబ్బు బండిది, దాన్ని ఆరోజే బాగుచేయించాలి. ఆ రెంటినీ ఎన్నడూ కలపొద్దు.